టెస్‌బ్రిడ్జ్ కోసం ప్రార్థన

బహ్రెయిన్‌లోని హూరా పేటలో, తెలుగు క్రైస్తవ సహవాసంలో ఒక ఆనవాయితీ ఉంది. శుక్రవారం ఆరాధన ముగిసే ముందు విశ్వాసుల్లో ఎవరో ఒకరు లేచి, లోకంలోని ఏదో ఒక ఊరి గురించి కాసేపు చెప్పాలి. అది ఎక్కడుంది, ఎంత పాతది, అక్కడి జనం ఎలా బతుకుతారు, వాళ్ళకున్న బాధలేమిటి. అది విన్నాక అందరూ కళ్ళు మూసుకుని, ఒక్కసారే గొంతులెత్తి ఆ ఊరి కోసం ప్రార్థిస్తారు. ఆ ఊరివాళ్ళకు ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. బహ్రెయిన్‌లో ఒక అద్దె విల్లాలో, ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని, హోటల్ గదులు తుడిచేవాళ్ళూ, పిల్లల్ని ఆడించే ఆయమ్మలూ, వెల్డర్లూ తమ కోసం కన్నీళ్ళు పెట్టుకున్నారని ఏ నైరోబీవాళ్ళకో ఎవరు చెప్తారు?

దీన్ని మొదలుపెట్టినవాడు సంఘ పెద్ద యెహోషువ. వారమంతా హిద్‌లో ఓడలు బాగుచేసే యార్డులో పనిచేస్తాడు. ఆ సుత్తి దెబ్బల మధ్య అరిచి అరిచి మెల్లగా మాట్లాడటం ఆయనకు చేతకాకుండా పోయింది. పైగా ఎవరు ఏ ఊరు తెచ్చినా కాదనడు. పేరయ్య అనే వంటాయన మూడుసార్లు తన సొంత తునినే తెచ్చాడు. "తుని కూడా పట్టణమే కదండీ" అనేవాడు. మూడుసార్లూ తుని కోసం గట్టిగానే ప్రార్థించారు.

ఇంకో ఆనవాయితీ కూడా ఉంది. సహవాసంలో ఎవరైనా వేరే దేశానికి పోదలిస్తే ఆ సంగతి ముందు సంఘంలో పెట్టాలి. ప్రార్థన అయ్యాక ఇద్దరు ముగ్గురు పెద్దలు "నా మనసు ఒప్పుకోవడం లేదు" అంటే ఆగిపోవాలి. గిడియోన్ అనే కుర్రాడు ఖతార్ వెళ్తానంటే అలాగే ఆపారు. కొన్నాళ్ళకే ఆ కంపెనీ మూతబడింది. అప్పటి నుంచి సంఘం మాటంటే మాటే. ఎంత చదువుకున్న పిల్లలైనా దాన్ని దాటి పోరు.

ఎస్తేరు ఆశంతా ఈ రెండో ఆనవాయితీ మీదే పెట్టుకుంది.

ఎస్తేరు జుఫైర్‌లో ఒక హోటల్లో గదులు సర్దే పని చేస్తుంది. ఊరు రాజోలు దగ్గర. తల్లి పోయేనాటికి చెల్లెలు బ్లెస్సీ ఇంకా జడ వేసుకోవడం రాని పిల్ల. ఆ జడా తనే వేసింది, నర్సింగు చదువూ తనే చెప్పించింది. తన పెళ్ళి మాట ఎవరు ఎత్తినా "ముందు చిన్నది" అనేది. చిన్నది పెద్దదయ్యేసరికి ఆ మాట ఎత్తేవాళ్ళే లేకుండా పోయారు. దానికి ఆమె పెద్దగా బాధపడలేదు. బ్లెస్సీని కూడా ఇక్కడికే రప్పించి ఒక క్లినిక్‌లో ఉద్యోగంలో పెట్టించింది. ఇద్దరూ హూరాలో ఒక గది తీసుకున్నారు. రెండు మంచాలు, ఒక ఫ్రిజ్, ఒకరి మీద ఒకరికి బోలెడంత చిరాకు. ఎస్తేరు దృష్టిలో సంసారమంటే అదే.

ఆ సంసారంలోకి టెస్‌బ్రిడ్జ్ వచ్చి పడింది.

ఒక సాయంత్రం ఎస్తేరు వెల్లుల్లి ఒలుస్తుంటే బ్లెస్సీ వచ్చి ఎదురుగా కూర్చుంది. "అక్కా, కోప్పడకు. ఇంగ్లండులో నర్సు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. వచ్చింది. టెస్‌బ్రిడ్జ్ అని, లండన్ పక్కనే. నువ్వు ఊఁ అంటేనే వెళ్తాను" అంది.

ఎస్తేరు వద్దే అనడానికి నోరు తెరిచింది. కానీ అది "ఎందుకక్కా?" అని అడిగితే ఏం చెప్తుంది? జీతం ఎక్కువ, ఉద్యోగం మంచిది, పిల్ల తెలివైనది. వద్దనడానికి ఆమె దగ్గరున్న కారణం ఒక్కటే. నువ్వు పోతే నాకెవరున్నారు? అది పైకి అనడానికి అభిమానం అడ్డొచ్చింది.

"సంఘంలో పెడదాం" అంది, వెల్లుల్లి మీద నుంచి తలెత్తకుండా. "వాళ్ళేమంటే అదే."

బ్లెస్సీ ఒప్పుకుంది. అప్పటికప్పుడే ఎస్తేరు యెహోషువకు ఫోన్ చేసింది. ఈ శుక్రవారం ఊరి గురించి తానే చెప్తానంది. ఊరు టెస్‌బ్రిడ్జ్, మా బ్లెస్సీకి ఉద్యోగం వచ్చిన ఊరేనండి అంది. ఆయన పొంగిపోయాడు. పాపం, ఆమె లోపల ఏం వండుతోందో ఆయనకేం తెలుసు? ఆ ఊరి చెడంతా ఏరి తెచ్చి, పెద్దల మనసు విరిచేసి, వాళ్ళ నోటితోనే వద్దనిపించాలని ఆమె ఎత్తు. తన చేతికి మట్టి అంటదు, చెల్లి తన దగ్గరే ఉంటుంది.

వారమంతా హోటల్లో భోజనం వేళ దుప్పట్లు మడతపెట్టే గదిలో కూర్చుని ఫోన్లో ఆ ఊరిని వెతికింది. తెలియని ఇంగ్లీషు ముక్కలు తోటి పనివాళ్ళను అడిగింది. చెడు కోసం వెతికేవాళ్ళకు ఏ ఊరైనా ఇట్టే దొరికిపోతుంది. ఏటి ఒడ్డున కట్టారు కాబట్టి వానాకాలం నీళ్ళొస్తాయి. బజారు వీధిలో కొట్లు ఒక్కొక్కటే మూతబడుతున్నాయి. ఇళ్ళ అద్దెలు ఆకాశంలో ఉన్నాయి. ఊరివాళ్ళందరికీ పని లండన్‌లో, నిద్ర మాత్రం ఇక్కడ.

మధ్యలో మంచి కూడా అడ్డం తగిలేది. స్టేషన్ గోడల నిండా వేలాడే పూలకుండీలు, రాతి వంతెన కింద ఈదుతున్న తెల్ల బాతులు. ఒకచోట చర్చి శిఖరం కొంచెం వంగి ఉంది. ఎప్పుడో పచ్చి కర్రతో కట్టడం వల్ల ఎండేకొద్దీ మెలి తిరిగిందట, ఊరివాళ్ళు దాన్ని సరిచేయకుండా ముద్దుగా అలాగే ఉంచుకున్నారట. ఎస్తేరు ఆ బొమ్మను చాలాసేపు చూసింది. తర్వాత తన మీద తనకే ఒళ్ళు మండి ఫోన్ బోర్లించేసింది. ఇవేవీ చెప్పకూడదు అనుకుంది.

గురువారం సాయంత్రం స్టాఫ్ వ్యాన్‌లో ఇంటికి వస్తూ డ్రైవర్ దేవన్న ముందు ఒకసారి చెప్పి చూసుకుంది. దేవన్నది జగిత్యాల వైపు. ఆ రోజు వ్యాన్‌లో వేరే తెలుగువాళ్ళు లేరు.

"పొద్దున్నే ఊరంతా స్టేషన్లో నిలబడతారంట దేవన్నా. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడకుండా రైలెక్కి పోతారు. చీకటి పడ్డాక వచ్చి తలుపులేసుకుంటారు. పక్కింట్లో ఎవరున్నారో కూడా తెలీదు. అదేం బతుకు చెప్పు?"

దేవన్న సిగ్నల్ దగ్గర బండి ఆపి, అద్దంలోంచి ఆమెను చూశాడు.

"గదేంది అక్కా గట్లంటవు? పొద్దుగాల బండెక్కుడు, పొద్దూకినంక వచ్చి పండుడు. మా లేబర్ క్యాంపుల ఏమున్నది మల్ల? నా పక్క మంచం మీద పండెటోనికి నైట్ డ్యూటీ. ఆని మొకం చూసి నెల రోజులాయె. గాళ్ళకు నయం, రైల్ల కూసోనీకి సీటన్న ఉంటది."

"నీతో చెప్పడం నాదే బుద్ధి తక్కువ" అంది ఎస్తేరు విసుగ్గా. దేవన్న నవ్వి బండి ముందుకు ఉరికించాడు. ఆమె మాత్రం ఇల్లు వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. ఇన్నేళ్ళుగా ఈ దారిలో పోతోంది. రోడ్డు వారనున్న మేడల్లో ఒక్కదాని సంగతీ తనకు తెలియదు. ఆ ఆలోచన ఆమెకు నచ్చలేదు. పక్కకు తోసేసింది.

శుక్రవారం విల్లా నిండిపోయింది. పాటలయ్యాయి, వాక్యమయ్యింది. వెనక వంటగదిలోంచి పేరయ్య బిర్యానీ వాసన వచ్చి భక్తిని కొంచెం కదిలిస్తోంది. యెహోషువ మైకు అవసరం లేకపోయినా మైకు పట్టుకుని, "మన సహోదరి ఎస్తేరమ్మ ఈ వారం టెస్‌బ్రిడ్జ్ అనే పట్టణాన్ని మన ముందుకు తెస్తుంది. మన బ్లెస్సీకి ఉద్యోగం వచ్చింది అక్కడే. వెళ్ళాలో వద్దో ప్రభువు ఈ రోజే చెప్తాడు" అన్నాడు.

బ్లెస్సీ మూడో వరసలో, కొంగు తల మీద వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దాని వంక చూడకుండా ఎస్తేరు లేచింది.

"అందరికీ ప్రభువు పేరట వందనాలండి. టెస్‌బ్రిడ్జ్ లండన్‌కి నలభై నిమిషాల రైలు దూరంలో ఉన్న పాత ఊరండి. టెస్ అనే ఏటి మీద రాళ్ళతో వంతెన కట్టి, దాని పక్కన సంత పెట్టుకున్నారంట. ఏడెనిమిది వందల ఏళ్ళ కిందటి మాట. సంత పెట్టుకోండని అప్పటి రాజుగారు కాగితం రాసిచ్చాడంట. ఉన్ని అమ్మేవారు, గొర్రెలమ్మేవారు. తర్వాత రైలొచ్చిందండి. రైలొచ్చి ఊరిని తినేసింది."

గొంతు సవరించుకుంది. జనం బాగానే వింటున్నారు. ఇప్పుడు తన అసలు సరుకు దించింది.

"ఇప్పుడక్కడ సంత లేదండి, పనీ లేదు. తెల్లారకుండానే ఊరు ఊరంతా స్టేషన్‌కి పోతుంది. రైల్లో పక్కపక్కనే కూర్చుంటారు, ఒక్కళ్ళూ నోరు విప్పరు. ఏళ్ళ తరబడి ఒకే పెట్టెలో పోయినా పేరు కూడా అడగరంట. పగలంతా ఊళ్ళో ముసలాళ్ళు మాత్రమే ఉంటారు. వాళ్ళని పలకరించే నాథుడు లేడు. చలికాలం నాలుగింటికే చీకటి. ఏరు పొంగితే ఇళ్ళల్లోకి నీళ్ళు. గుళ్ళో ఆదివారం పదిమంది ఉంటే గొప్ప. కిటికీ దగ్గర కూర్చుని ఎవరొస్తారా అని చూసుకుంటూ పోయిన ముసలమ్మని నాలుగు రోజులదాకా ఎవరూ చూడలేదంటండి."

ఈ చివరి సంగతి ఆమె ఎక్కడా చదవలేదు. ఆవేశంలో దానంతటదే వచ్చేసింది.

ఎస్తేరు లోలోపల సంబరపడింది. పెద్దల మొహాలు చూసింది. రోజీ అమ్మ, సహవాసంలో అందరికంటే పెద్దావిడ, కళ్ళద్దాలు తీసేసింది. ఇక మనసు ఒప్పుకోవడం లేదు అంటుంది అనుకుంది ఎస్తేరు.

రోజీ అమ్మ ఏడుస్తోంది.

"అయ్యో ప్రభువా" అంది, చెంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. "నాలుగు రోజులా! ఆ తల్లికి మంచినీళ్ళు ఇచ్చేవాళ్ళు లేకపోయారా?"

వెనక నుంచి ఒక ఆయమ్మ, "రైల్లో పేరు కూడా అడగరా అమ్మా? ఎంత దిక్కులేని జనమో!" అంది. పేరయ్య వంటగది గుమ్మంలో గరిట పట్టుకుని నిలబడి ముక్కు ఎగబీలుస్తున్నాడు. తుని కోసం కూడా ఆయన అంత ఏడవలేదు.

ఎస్తేరు తడబడింది. "అంటే, అలాంటి ఊరికి మన పిల్లల్ని..." అనబోయింది. యెహోషువ ఆమె మాట పూర్తి కానివ్వలేదు.

"చూశారా!" అని యార్డులో అరిచినట్టే అరిచాడు. "ఇన్ని వేల ఊళ్ళుండగా మన బిడ్డకు ఆ ఊళ్ళోనే ఉద్యోగం ఎందుకొచ్చింది? అది కూడా నర్సు ఉద్యోగం! అంత మంది ముసలివాళ్ళు పలకరించే దిక్కు లేక పడున్నారు. ఇక్కడ మనం వెళ్ళాలా వద్దా అని ఆలోచిస్తున్నాం. ఎవరికైనా మనసు ఒప్పుకోవడం లేదా?"

ఒక్క చెయ్యి కూడా లేవలేదు.

"ఆయ్, ఒప్పుకోకపోవడమేటండీ!" అంది రోజీ అమ్మ. "ఈ రోజే టికెట్టు కొని పంపినా నాకు సమ్మతే."

ఏ ఊరి బాధ ఎంత పెద్దదైతే ఆ ఊరికి అంత తొందరగా మనిషిని పంపాలనుకునే జనం వీళ్ళు. పదేళ్ళుగా వీళ్ళ మధ్యే కూర్చుని, వీళ్ళతో కలిసి ఏడ్చి, ఆ మాత్రం ఎస్తేరుకు తట్టలేదు. భయపెడదామని తెచ్చిన ప్రతి ముక్కా చెల్లెలి ప్రయాణానికే దారి వేసింది. ఆ పూలకుండీల సంగతే చెప్పి ఉంటే, "బాగానే ఉన్నారుగా, మనతో వాళ్ళకేం పని" అని ఊరుకునేవారేమో.

బ్లెస్సీని పిలిచి మధ్యలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. చుట్టూ పెద్దలు చేరి తల మీద చేతులుంచారు. యెహోషువ ఎస్తేరు వైపు తిరిగాడు.

"ఆ ఊరి భారం ప్రభువు నీకే ఇచ్చాడమ్మా. అక్కవీ నువ్వే, అమ్మవీ నువ్వే. ప్రార్థన నువ్వే చెయ్యి."

తప్పించుకునే దారి లేదు. ఎస్తేరు వెళ్ళి చెల్లెలి నెత్తి మీద చెయ్యి పెట్టింది. దాని జుట్టు కొబ్బరినూనె వాసన వేస్తోంది. పొద్దున తను పెట్టిందే.

"పరిశుద్ధుడవైన తండ్రీ, కృపగల దేవా, నీకే స్తోత్రం..." అని అలవాటు మాటలు నాలుగు వచ్చాయి. అవి అయిపోయాక ఇంకేం రాలేదు. అందరూ కళ్ళు మూసుకుని ఎదురు చూస్తున్నారు. ఫ్యాను తిరుగుతోంది.

"దీనికి చలి పడదయ్యా" అంది ఎస్తేరు.

అది ప్రార్థనలా లేదు. పక్కింటావిడతో చెప్పినట్టుంది. అయినా ఇంక ఆగలేకపోయింది.

"దుప్పటి తన్నేసి పడుకుంటది. తెల్లారుజామున నేనే కప్పుతాను. దానికి తెలీదు. ఆకలేస్తే ఆకలని చెప్పదు. ఊరికే కోప్పడతది. అది ఆకలి కోపమని నాకు తెలుసు. అక్కడ ఎవరికి తెలుస్తది? పొగరుబోతు పిల్లనుకుంటారు. అలా అనుకోనివ్వకయ్యా. అమ్మ పోయిన రోజు ఇది ఏడవలేదు, నా వేలు పట్టుకుని నిలబడింది. ఇప్పుడు కూడా ఏడవదు. ఏడవలేదు కదాని ధైర్యంగా ఉందనుకోకు. ఆ ఊళ్ళో ఎవరో ఒకళ్ళకి దీని పేరు అడిగే బుద్ధి పుట్టించు. ఒక్కళ్ళు చాలు. నాకా... నా సంగతి తర్వాత చూద్దువు గాని."

ఆగింది. ప్రార్థన అయిందో లేదో ఎవరికీ తెలియలేదు. అంత పెద్ద గొంతున్న యెహోషువ కూడా తల దించుకున్నాడు. చివరికి ఆమె అరచేతి కిందనుంచి, సన్నగా, బ్లెస్సీయే "ఆమెన్" అంది.

భోజనాలయ్యాక అక్కాచెల్లెళ్ళు నడిచి ఇంటికి బయల్దేరారు. హూరా సందుల్లో ఎండ నీరసంగా పడుతోంది. క్షౌరశాల ముందు ఇద్దరు మనుషులు కుర్చీలేసుకుని టీ తాగుతున్నారు.

"అక్కా" అంది బ్లెస్సీ. "ఆ ఊరి గురించి వెతికావు కదా. మంచిది ఒక్కటీ దొరకలేదా?"

"దొరికాయి."

"మరి?"

"చెప్పలేదు."

బ్లెస్సీ నవ్వలేదు, కోప్పడలేదు. "తెలుసు" అంది. "నువ్వు ఫోను బోర్లించి పడుకుంటే నేను తీసి చూశాను. ఆ ముసలమ్మ సంగతి మాత్రం అందులో లేదు."

ఎస్తేరు మొహం తిప్పుకుంది. ఇంకో నాలుగడుగులు వేశాక బ్లెస్సీ ఆమె ముందుకొచ్చి దారికి అడ్డంగా నిలబడింది.

"ఒక్క మాట చెప్పు. వద్దు అను. మానేస్తాను. యెహోషువ అయ్యగారికీ రోజీ అమ్మకీ నేనే చెప్పుకుంటాను. మళ్ళీ ఆ ఊరి పేరు ఎత్తను. నీ మీద కోపం కూడా పెట్టుకోను. నిజంగా చెప్తున్నానక్కా."

ఆ పిల్ల అబద్ధం చెప్పడం లేదు. దాన్ని పెంచిన మనిషికి ఆ మాత్రం తెలుసు. వారమంతా ఎత్తులు వేసింది ఈ మాట కోసమే. అది ఇప్పుడు నడివీధిలో, అడగకుండా, చేతిలో వచ్చి పడింది. నిజంగానే మానేస్తుంది. రేపు పొద్దున్నే లేచి క్లినిక్‌కు వెళ్తుంది, సాయంత్రం వస్తుంది, ఎప్పటిలాగే కూరలో ఉప్పు తక్కువైందంటుంది. ఆ ఊరి పేరు చచ్చినా ఎత్తదు. ఎత్తని ఆ పేరును రోజూ దాని మొహంలో వెతుక్కుంటూ తను బతకాలి. ఆ బతుకు తలచుకుంటే ఎస్తేరుకు ఒంటరితనం కంటే ఎక్కువ భయమేసింది.

"వద్దు అనాలనే ఉందే" అంది. "పొద్దుట్నించీ ఆ మాట నాలిక చివరే ఉంది. ఇప్పుడూ ఉంది. రేపూ ఉంటది. నేను పెద్ద మనసున్న దాన్నేం కాదు. అందుకే చెప్తున్నాను. అది నోరుజారి బయటికి రాకముందే టికెట్టు తీసేసుకో."

బ్లెస్సీ అక్క భుజం మీద తల పెట్టుకుని, తల్లి పోయిననాడు ఏడవనిదంతా అక్కడే ఏడ్చింది. టీ తాగుతున్న మనుషులు మర్యాదగా అటు తిరిగి కూర్చున్నారు.

"ఊరుకోవే, రోడ్డు మీద" అని కసిరింది ఎస్తేరు. కసిరిందే గాని, తను మాత్రం ఊరుకోలేకపోయింది.